నేపాల్‌లో పరిచర్యకు స్థానిక పాస్టర్లను ఎట్లా వెతుక్కోవాలి: కల్వకుర్తి తమ్మునికి జవాబు

తమ్ముడూ, వందనాలు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. కల్వకుర్తి దగ్గర మీ ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరెన్) సంఘం నుంచి ఏడుగురు యువకులు, దసరా సెలవుల్లో పన్నెండు రోజులు నేపాల్ పోదామనుకుంటున్నరు. రెండు రోజులు ఖాట్మండు, మిగతావి చిత్వన్ పక్క పల్లెలు. అక్కడ తెలిసినోళ్లు ఎవ్వరూ లేరు. ఫేస్‌బుక్‌లో ఒక పాస్టర్ దొరికిండు. "ఐదు వందల మందిని కూర్చోబెడతా, టెంటుకు, మైకుకు, భోజనాలకు 60 వేలు ముందే పంపండి" అన్నడు. పంపాలా, లేకపోతే స్థానికంగా పరిచర్య చేసేటోళ్లను వేరే తీరుగా ఎట్లా వెతుక్కోవాలి అని నీ ప్రశ్న.

పంపకు. ఆయన దొంగ అని నేను అంటలేను. ఆయన ఎవరో నాకు తెల్వదు, నీకూ తెల్వదు. ఇంకొకటి, 60 వేలంటే ఏ రూపాయలు? మన వంద వాళ్ల నూట అరవై. నేపాలీ 60 వేలైతే మన లెక్కన 37,500. అది కూడా మీరు అడగలేదంటే ఆయన గురించి ఇంకేం అడిగి ఉంటరు?

నేను నల్గొండలో బడిపంతులుగా చేసి రిటైరైన. ఇంగ్లీషు కొంచెం వస్తదని, ఇరవై ఏళ్ల కింద బయటి దేశాల నుంచి వచ్చే టీములకు అనువాదం చెయ్యడానికి నన్ను పిలిచేటోళ్లు. తర్వాత మన పిల్లలను తీసుకొని నేపాల్‌కు ఆరుసార్లు, కెన్యాకు ఒకసారి పోయిన. పోయిన కాడ నేర్చుకున్నది తక్కువ. ఇక్కడ మైకు పట్టుకొని, వచ్చినోళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నదే ఎక్కువ.

ఒక ఏడాది పది మంది టీమ్ వచ్చింది. ఇక్కడ వాళ్లకు అన్నీ చూసుకునేటోడు ఒకాయన, పేరు వద్దు. మొదటి రోజు మిర్యాలగూడ రోడ్డు మీది ఒక ఊర్లో కూటం, మూడు వందల మంది. రెండో రోజు ఇంకో ఊరు, మళ్లా మూడు వందల మంది. ముందు వరుసలో ఒక ముసలవ్వ కూర్చుంది. నిన్న చూసిన అవ్వే. అదే ఆకుపచ్చ చీర, అదే చేతిసంచి. మూడో రోజు మూడో ఊర్లో కూడా ఆమే. కూటం అయినంక దగ్గరకు పోయి "అవ్వా, ఏ ఊరు మీది?" అన్న. "ఏ ఊరైతే ఏంది బిడ్డా, ట్రాక్టర్ ఎక్కుమన్నరు, బువ్వ పెడ్తమన్నరు" అన్నది. "ప్రభువును అంగీకరించినోళ్లు చేతులెత్తండి" అని ప్రతి సాయంత్రం అనువాదం చేసింది నేనే. మూడు సాయంత్రాలూ ఆమె చెయ్యెత్తింది. ఆ టీమ్ తమ దేశం పోయి రాసుకున్న లెక్కలో ఆ ఒక్క అవ్వ ముగ్గురైంది.

ఆ వచ్చినోళ్లు చెడ్డోళ్లు కాదు. సెలవులు పెట్టి, సొంత పైసలు పెట్టి వచ్చిన్రు. ఆయనను ఎన్నుకున్న తీరులోనే తప్పు జరిగింది. ఆయన ఇంగ్లీషులో మంచిగ మెయిళ్లు రాసిండు, అంతే. చుట్టుపక్కల ఏ సంఘం పాస్టర్‌ను ఒక్కమాట అడిగినా ఆయన సంగతి చెప్పేటోడు. ఎవ్వరూ అడగలే. నన్నూ అడగలే, నేనూ చెప్పలే. ఆ చెప్పకపోవుడు నా తప్పే.

నేపాల్‌లో ఇప్పుడు ఆ టీమ్ మీరే. అందుకే నీకు ఒకటే చెప్తున్న. మనల్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఏమంటున్నడు అని కాదు, ఆయన పక్క వీధి పాస్టర్ ఆయన గురించి ఏమంటున్నడు అని చూడాలె.

మన దిక్కు సువార్త వచ్చిన కథ చూసినా అంతే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం అయిందని మన పెద్దలు చెప్తుంటరు, ఆ పేరంతా అమెరికా మిషనరీ క్లౌ దొరగారికి పోతది. కానీ అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందిండు. తోళ్ల వ్యాపారం మీద ఊర్లు తిరుగుతూ వాక్యం విని, తనంతట తాను ఒంగోలు మిషనరీలను వెతుక్కుంటూ పోయిన మనిషి. ఆ పల్లెల్లో ఎవరెవరు ఏందో తెలిసింది ఆయనకు. దొరగారు ఆయన వెంట నడిచిండు. నేపాల్‌లో కూడా ఒక పేరయ్య ఉంటడు. ఆయనకు ఫేస్‌బుక్ ఉండకపోవచ్చు.

మరి ఆయనను ఎట్లా పట్టుకోవాలె?

మొదలు ఇంట్లోనే వెతుకు. మీరు ఎం.బి. వాళ్లు, అంటే ప్రపంచంలో మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబం. 1925లో మొదలైన మెన్నోనైట్ వరల్డ్ కాన్ఫరెన్స్ పెద్ద సభ 1997లో మన కలకత్తాలోనే జరిగింది. మన పాలమూరు, నాగర్‌కర్నూల్, గద్వాల, దేవరకొండ దిక్కు పాత పెద్దల్లో అక్కడికి పోయొచ్చినోళ్లు ఉంటే వాళ్ల డైరీలు అడుగు. నేపాల్‌లోని బ్రదరెన్ ఇన్ క్రైస్ట్ సంఘాలు ఈ కుటుంబంలోవే. మీ కాన్ఫరెన్స్ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం పోతే వాళ్లు జవాబిస్తరు, ఆలస్యంగనైనా ఇస్తరు. ఫేస్‌బుక్‌లో దొరికినోడు రెండు నిమిషాల్లో జవాబిస్తడు, సంఘాల పెద్దలకు మూడు వారాలు పడతది. ఆ మూడు వారాలు ఓపిక లేకనే మనోళ్లు మోసపోతుంటరు.

రెండోది, నేపాలీలు మన దగ్గరే ఉన్నరు. నాకు మొదటి పరిచయం దొరికింది ఖాట్మండులో కాదు, సికింద్రాబాద్‌లో. హోటళ్లలో, వాచ్‌మన్ పనుల్లో ఉన్న నేపాలీ విశ్వాసులు ఒక ఇంటి మీద రేకుల షెడ్డులో కూడుకుంటుండె. నాలుగు ఆదివారాలు పోయి ఊరికే కూర్చున్న. ఐదో వారం వాళ్ల పెద్ద తనంతట తానే "మా ఊర్లో మా పాస్టర్‌కు ఫోన్ చేస్త" అన్నడు. ఆ ఒక్క ఫోన్‌కు నేను ఇంటర్నెట్‌లో వెతికిన ఆరు నెలలు సరిపోవు. మీ సంఘంలో గల్ఫ్‌కు పోయినోళ్లు ఉంటే వాళ్లను కూడా అడుగు. కువైట్‌లో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలోనైనా, దోహాలో చర్చిల కాంప్లెక్స్‌లోనైనా ఎన్నో భాషల సంఘాలు ఒకే కాంపౌండ్‌లో కూడుకుంటయి. మన తెలుగోళ్లు బయటికొస్తుంటే నేపాలీలు లోపలికి పోతుంటరు. మీవాడు అక్కడి నేపాలీ పెద్దను అడిగితే చిత్వన్‌లో ఎవరు నిఖార్సైనోడో ఒక్క శుక్రవారంలో తెలుస్తది.

మూడోది బైబిల్ కాలేజీలు. పూణెలో యూనియన్ బిబ్లికల్ సెమినరీ, బెంగళూరులో సైయాక్స్, బెంగాల్‌లో 1818లో మిషనరీ విలియం కేరీ వాళ్లు పెట్టిన సేరాంపూర్ కాలేజీ. వీటిలో చదివిన మన తెలుగు పాస్టర్లకు నేపాలీ క్లాస్‌మేట్లు ఉంటరు. మూడేళ్లు ఒకే మెస్‌లో తిన్నోడు ఇచ్చే సాక్ష్యం గట్టిది. (నేపాలీ కొత్త నిబంధన మొదట అచ్చయింది కూడా సేరాంపూర్‌లోనే, 1821లో. అప్పటికి బయటి మిషనరీలకు నేపాల్ తలుపులు మూసే ఉండె. 1951 దాకా అంతే. అందుకే ఆ దేశం క్రైస్తవుల పాత బంధుత్వాలన్నీ డార్జిలింగ్, రక్సౌల్ లాంటి సరిహద్దు ఊర్లతోటే.)

రక్సౌల్ అన్న కాబట్టి ఒకమాట. హైదరాబాద్ నుంచి రక్సౌల్‌కు నేరుగా రైలుంది. అక్కడ 1930లో పెట్టిన డంకన్ ఆస్పత్రికి సరిహద్దు అవతలి నుంచి కూడా రోగులు వస్తరు. మన వైపు నర్సులు, డాక్టర్లలో అట్లాంటి మిషన్ ఆస్పత్రుల్లో పనిచేసినోళ్లను వెతుకు, వాళ్లకు అవతలి సంఘాలు తెలిసి ఉంటయి. సరిహద్దు దాటితే బీర్‌గంజ్, అక్కడి నుంచి హెటౌడా మీదుగా చిత్వన్‌కు బస్సులున్నయి. మీరు చెయ్యాలనుకున్న పని చిత్వన్‌లో అయినప్పుడు ఖాట్మండు దాకా విమానం ఎందుకు?

పేర్లు దొరికినంక అసలు పని మొదలైతది. ఎవరైనా తన గురించి అడగమని ముగ్గురి పేర్లు ఇస్తడు. ఆ ముగ్గురూ మంచిగనే చెప్తరు, వాళ్లను ఎన్నుకున్నదే ఆయన కదా. నువ్వు ఆ ముగ్గురిలో ఒక్కొక్కరిని "ఆ ఊర్లోనే వేరే డినామినేషన్ పాస్టర్ ఒకరి నంబర్ ఇయ్యండి" అని అడుగు. ఆ నాలుగో మనిషితో మాట్లాడు. ఆయన పొగడాల్సిన పని లేదు. "ఆయనతో మాకు కొన్ని విషయాల్లో పడదు గాని, మనిషి నిజాయితీపరుడు" అన్నడంటే ఆ మాట బంగారం. నేషనల్ చర్చెస్ ఫెలోషిప్ ఆఫ్ నేపాల్ లాంటి సంఘాల కూటమిని కూడా అడగొచ్చు. అయితే లిస్టులో పేరున్నంత మాత్రాన అయిపోదు, లేనంత మాత్రాన తప్పూ కాదు.

మనిషితో మాట్లాడేటప్పుడు నేను తప్పకుండా అడిగేది, "మామూలు శనివారం మీ ఆరాధనకు ఎంతమంది వస్తరు?" శనివారం అని ఎందుకన్ననంటే నేపాల్‌లో ఏళ్లుగా వారపు సెలవు శనివారం, చాలావరకు సంఘాలు శనివారమే కూడుకుంటయి. (మీ ప్రోగ్రామ్‌లో ఆదివారం ఆరాధన, ఆదివారం యూత్ మీటింగ్ అని రాసిన్రు. అక్కడి పాస్టర్ ఎవరైనా ముందుగా చూసి ఉంటే ఆ కాగితం అట్లుండదు.) నిజమైనోడు చిన్న లెక్కే చెప్తడు. ఒకాయన నాతో "ముప్పై ఎనిమిది మంది, కోతలప్పుడు ఇరవై" అన్నడు. ఆ "కోతలప్పుడు" అన్న మాటకే నేను ఆయన దగ్గరికి పోయిన. ఆయనకు ఒక్కొక్క మనిషి తెలుసు. ఐదు వందలు, వెయ్యి అని గుండు లెక్క చెప్పేటోని దగ్గర ట్రాక్టర్ ఉంటది.

తర్వాత ఇంకొకటి అడుగుత. "మేము వచ్చి ఏం చెయ్యకపోతే మీకు మేలు?" మొహమాటంతో మొదలు ఏం చెప్పరు. రెండోసారి అడిగితే చెప్తరు. ఆ ముప్పై ఎనిమిది మంది పాస్టరే అన్నడు: మైకు వద్దు, భోజనాలు వద్దు, భోజనం పెడితే తర్వాత వారం మామూలు ఆరాధనకు వచ్చినోళ్లు గిన్నెల దిక్కు చూస్తరు, మీలో టీచర్లుంటే మా సండే స్కూల్ అక్కలకు రెండు రోజులు నేర్పండి. మేము పోయి అదే చేసినం. ఫొటోలకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

పైసల పరీక్ష కూడా పెట్టు. "మేము ఒక్క రూపాయి తేము, మా తిండి మా ఖర్చు, మీ పనిలో సాయం మాత్రం చేస్తం" అని రాయి. చాలామంది ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. ఎత్తినోళ్లతోటే మాట్లాడు.

ఇంత అడుగుతున్నం కదా, వాళ్లకు మనమూ తెలియనోళ్లమే. మీ పాస్టర్ అయ్యగారి ఉత్తరం, సంఘ పెద్దల సంతకాలు, ఏడుగురిలో ఎవరు ఏం పని చేస్తరు, ఎవరికి ఏం వచ్చు, అన్నీ ఒక పేజీలో పంపు. రోమాకు పోయే ఫీబే గురించి కూడా పౌలు తన ఉత్తరంలో సిఫారసు రాసిండు. ఉత్తరం లేకుండా వచ్చిన ఇండియా టీములను చూసి అక్కడి పాస్టర్లు భయపడతరు, వాళ్ల భయానికి కారణముంది. అదే చెప్తున్న, ఇది జర నిదానంగ చదువు.

నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణం ఎవరి మతం వాళ్లు ఆచరించుకునే స్వేచ్ఛ ఇచ్చింది, కానీ ఒకరిని మతం మార్చే పనిని నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమలైతున్న వాళ్ల శిక్షాస్మృతిలో 158వ సెక్షన్ ప్రకారం మతం మార్పించినా, మారమని ప్రోత్సహించినా ఐదేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష అయినంక ఏడు రోజుల్లో దేశం నుంచి పంపేస్తరు. మనకు వీసా అక్కర్లేదు గాని ఆ చట్టం కింద మనం విదేశీయులమే. 2021 జనగణన ప్రకారం క్రైస్తవులు అక్కడ 1.76 శాతం. చిన్న ఊర్లో కొత్త మనుషులు ఏడుగురు దిగితే సాయంత్రానికి అందరికీ తెలుస్తది.

కాబట్టి కరపత్రాలు పట్టుకొని బజార్ల తిరుగుడు, చౌరస్తాల పాటలు, ఇవన్నీ మీ కాగితం మీది నుంచి కొట్టెయ్యి. అది ధైర్యం కాదు. పన్నెండో రోజు మీరు రైలెక్కుతరు. పదమూడో రోజు పోలీసులు తలుపు కొట్టేది ఆ పాస్టర్ ఇంటిది. సంఘం లోపల విశ్వాసులతో సహవాసం, నేర్పుడు, రోగులను చూసొచ్చుడు, పాస్టర్ ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చునుడు, ఇదే మీ పని. ఫేస్‌బుక్ లైవ్ అసలే వద్దు. ఎవరి మొహమూ, ఊరి పేరూ పెట్టొద్దు, తిరిగొచ్చినంక కూడా. ఏది చెయ్యొచ్చు, ఏది వద్దు అన్నది స్థానిక పాస్టర్ మాటే ఆఖరు, మీ టీమ్ లీడర్‌ది కాదు. ఆయన వద్దన్నదాన్ని "మాకు ప్రేరేపణ కలిగింది" అని చెయ్యకండి. ఆ మాట అన్నందుకు నేను ఒక అబ్బాయిని మధ్యలోనే ఇంటికి పంపిన.

డబ్బుల సంగతి. మీ సంఘం ట్రస్టు పన్ను మినహాయింపు కింద ఉంటే ఆ సొమ్మును దేశం బయట ఖర్చు పెట్టడానికి ప్రత్యేక అనుమతి కావాలె. కానుకల పెట్టెలోంచి తీసి పట్టుకుపోవద్దు, ముందు మీ ఆడిటర్‌ను అడగండి. ఎవరి ఖర్చు వాళ్లు పెట్టుకునుడు మంచిది. అక్కడ చేతికి డబ్బు ఇచ్చే విషయంలో నేనే ఒక తప్పు చేసిన. మూడోసారి పోయినప్పుడు ఒక చురుకైన పిల్లగాడు తన బాధ చెప్పుకుంటే, పాస్టర్‌కు చెప్పకుండ ఐదు వేలు ఇచ్చిన. ఇంటికొచ్చినంక కూడా రెండుసార్లు పంపిన. ఏడాదిలోపల వాడు పది మందిని తీసుకొని వేరే సంఘం పెట్టుకున్నడు, నల్గొండ మిషన్ మా వెనకుందని చెప్పుకున్నడట. నల్గొండ మిషన్ అంటే నేనే, నా పెన్షన్. ఆ పాస్టర్ నాతో ఇప్పటికీ మాట్లాడుతడు, అది ఆయన గొప్పతనం. అప్పటి నుంచి ఎవ్వరికీ విడిగా ఇయ్యను. మన ఫోన్ నంబర్లు కూడా సంఘంలో పంచకండి.

అక్కడ దిగినంక ఒకవేళ అనుకున్న మనిషి రాలేదనుకో, బెంబేలు పడకు. శనివారం పొద్దున ఏ సంఘానికైనా పోయి చెప్పులు బయట విడిచి వెనక వరుసలో కూర్చోండి. మన పల్లెల్లో లెక్కనే చాలాచోట్ల మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కింద కూర్చుంటరు. ఆరాధన అయినంక "జయ మసీహ్" అని చేతులు కలుపుతరు, వాళ్లే అడుగుతరు మీరెవరని. "నేను ప్రసంగికుణ్ని" అని మొదలుపెట్టకండి. మన హైదరాబాదీ హిందీ అక్కడ బాగానే పనిచేస్తది, చిత్వన్ దిక్కు ఇంకా సులువు. తేదీలు మాట్లాడుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాళ్లది విక్రమ సంవత్, నెలలు వేరు, మన సంవత్సరానికి నెలను బట్టి యాభై ఆరో, యాభై ఏడో కలపాలె. "పదో తారీఖు" అంటే ఏ పదో తారీఖో ఖరారు చేసుకో. నేను ఒకసారి బస్టాండ్‌లో రాత్రంతా కూర్చున్నది దీనివల్లనే.

ఆధార్ మీద నమ్మకం పెట్టుకోకండి. సరిహద్దు దగ్గర మీ వయసోళ్లకు పాస్‌పోర్ట్ గాని ఓటర్ కార్డ్ గాని ఉండాలె.

వచ్చే ఏడాది కెన్యా అన్నవ్. వెతికే పద్ధతి ఇదే, కాకపోతే అక్కడి నుంచి "మా అనాథాశ్రమానికి రండి" అనే మెసేజ్‌లు ఇంకా ఎక్కువ వస్తయి. వాళ్లను చూసి నవ్వకు, మన దిక్కు నుంచి అమెరికాకు పోయే మెసేజ్‌లు కూడా అదే తీరుగుంటయి. కెన్యాకు పోయేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేసుకోవాలె. ఆ కార్డు లేకుండ తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆరు రోజుల దాకా పక్కన పెడతరు.

ఇంక మీ తేదీలు. దసరాకు పోవద్దు. వాళ్లకు అది దశైఁ, ఏడాదిలో అన్నింటికంటే పెద్ద పండుగ. దేశమంతా సొంతూర్లకు పోతది, బస్సుల్లో నిలబడ జాగా దొరకదు, ఆఫీసులు బంద్. నవంబర్‌కు మార్చు. ఏడుగురు కూడా వద్దు. మొదలు ఇద్దరే పోండి, ఐదారు రోజులు, ఖాళీ చేతులతో, ఒక శనివారం కలిసొచ్చేటట్టు. చూసొచ్చినంక వచ్చే ఏడాది ఏడుగురు పోవచ్చు.

ఆ ఫేస్‌బుక్ పాస్టర్‌కు కూడా జవాబు రాయి, ఊకె వదిలెయ్యకు. "పైసలు తేము, టెంటు వద్దు, ఇద్దరం శనివారం మీ ఆరాధనకు వచ్చి వెనక కూర్చుంటం, మీ ఊర్లో ఇంకో పాస్టర్ నంబర్ ఒకటి ఇయ్యండి" అని. ఏం జవాబొచ్చిందో నాకు చెప్పు.